చుక్క పెట్టినా మెయిల్ ముగియడం లేదు

ప్రశ్న: రోజువారీ రిపోర్టులు మెయిల్ చేసే మా పైథాన్ స్క్రిప్టు సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) తెరిచి, మెయిల్ పంపే పద్ధతి ఎస్ఎంటీపీ కమాండ్లు నేరుగా పంపుతుంది. ఏళ్లుగా బాగానే నడిచింది. సర్వర్‌లో మెయిల్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్ కొత్త వెర్షన్ వేశాక 354 (ఉత్తరం పంపమనే జవాబు) వరకూ వస్తోంది, ఉత్తరం ముగిసిందని చెప్పే చివరి చుక్క పంపాక జవాబే లేదు. ఎందుకు?

జవాబు: మీ స్క్రిప్టు లైను చివర ఎల్ఎఫ్ (లైన్ ఫీడ్, బైటు 10) ఒక్కటే పంపుతున్నట్టుంది. ఎస్ఎంటీపీలో ప్రతి లైనూ సీఆర్ (క్యారేజ్ రిటర్న్), ఎల్ఎఫ్ జంటతో, అంటే 13, 10తో ముగియాలి. 3.9 నుంచి పోస్ట్‌ఫిక్స్ మామూలుగా కమాండ్లలో ఒంటి ఎల్ఎఫ్‌ను చూసీచూడనట్టు వదిలేస్తుంది. ముగింపు దగ్గర మాత్రం 13, 10, 46, 13, 10 ఉండాల్సిందే (46 అంటే చుక్క). లేకపోతే మీ చుక్క కూడా ఉత్తరంలో ఒక లైనే! సర్వర్ మిగతా ఉత్తరం కోసం, మీరు దాని జవాబు కోసం, టైమవుట్ దాకా ఎదురుచూపులే.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. 2023 డిసెంబరులో ఎస్ఎంటీపీ స్మగ్లింగ్ అనే దాడి పద్ధతి బయటపడింది. పంపే సర్వర్ ఒంటి ఎల్ఎఫ్ తర్వాతి చుక్కను మామూలు పాఠంగా దాటిస్తే, అందుకునే సర్వర్ ముగింపుగా తీసుకునేది. ఆ కింద రాసిన కమాండ్లతో ఇంకో దొంగ మెయిల్ పుట్టేది. కాబట్టి సర్వర్ సెట్టింగు సడలించకండి, స్క్రిప్టునే సరిచేయండి.

ముందుగా ఉత్తరంలోని 13, 10 జంటలన్నిటినీ 10గా, మిగిలిన ఒంటి 13లనూ 10గా మార్చండి. ఆ తర్వాతే 10లన్నిటినీ 13, 10 చేయండి. వరస తప్పితే 13, 13, 10 తయారవుతుంది. విండోస్‌లో టెక్స్ట్ మోడ్‌లో తెరిచిన ఫైలులో 13, 10 రాసినా ఇదే తంటా. ఉత్తరంలో చుక్కతో మొదలయ్యే లైను ముగింపు అనిపించకుండా దాని ముందు ఇంకో చుక్క చేర్చండి. లైను 998 బైట్లు దాటకూడదు, చివరి జంట దీనికి అదనం.

నిజానికి పైథాన్‌తోనే వచ్చే ఎస్ఎంటీపీలిబ్ లైబ్రరీ వాడితే ఈ చాకిరీ చాలావరకు తప్పుతుంది. దాని సెండ్‌మెయిల్ ఫంక్షన్‌కు స్ట్రింగ్ ఇస్తే లైను చివర్లు అదే సరిచేస్తుంది. బైట్లుగా ఇస్తే ముట్టుకోదు, చుక్కల సంగతి మాత్రం చూసుకుంటుంది.

ప్రశ్న: సొంతంగా రాసిన హెచ్‌టీటీపీ (వెబ్) సర్వర్‌కు ఒక్కోసారి హెడర్ల చివరి ఖాళీ లైను దొరకడం లేదు.

జవాబు: బైట్లను మోసే టీసీపీకి లైన్ల లెక్క తెలియదు. 13 ఒక రీడ్‌లో, 10 తర్వాతి రీడ్‌లో రావచ్చు. వచ్చిందంతా ఒకే బఫర్‌లో కూడబెట్టి, 10 కోసం వెతికి, దాని ముందు 13 ఉంటే తీసేయండి. హెచ్‌టీటీపీలో ఒంటి ఎల్ఎఫ్‌నూ లైను ముగింపుగా తీసుకోవచ్చని దాని ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 9112 వెసులుబాటు ఇచ్చింది. బాడీలో మాత్రం కంటెంట్-లెంగ్త్ హెడర్ చెప్పినన్ని బైట్లు ఉన్నవి ఉన్నట్టే చదవండి.