కోల్డ్ స్టోరేజీలో పెన్ను పట్టబోతున్న అల్లుడికి

అల్లుడూ,

సోమవారం నుంచి గుంటూరు కోల్డ్ స్టోరేజీలో గుమస్తాగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషం. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్కపెట్టడం, హమాలీలతో మాట్లాడటం నాలుగు రోజుల్లో నీకే వచ్చేస్తాయి. ఎవరూ చెప్పనిది ఒకటుంది, ఏ పెన్నుతో రాయాలన్నది. బయట 40 డిగ్రీలు దాటిన ఎండ, లోపల ఛాంబరులో స్వెట్టర్ కావాల్సిన చలి, బయటికి తెచ్చిన కాసేపటికే టిక్కీ మీద తడి. ఒకే చీటీ ఈ మూడింటినీ తట్టుకోవాలి.

ముందు నాకు జరిగింది విను. చెరిపితే పోయే జెల్ పెన్ను ఒకటి కొన్నాను, కొట్టివేతలు లేకుండా రిజిస్టర్ నీట్‌గా ఉంటుందని. ఒక రోజు వచ్చిన సరుకంతా దానితోనే రాసి, రిజిస్టర్‌ను కారులో అద్దం కింద పెట్టి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చి తెరిస్తే పేజీలు తెల్లగా ఉన్నాయి. రైతుల పేర్లు లేవు, లాటు నంబర్లు లేవు, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ ఇంకు చెరిగేది రబ్బరు వల్ల కాదు, రుద్దితే పుట్టే వేడి వల్ల. సుమారు 60 డిగ్రీలకు దాని రంగు పోతుంది, మే నెల ఎండలో నిలిపిన కారు అద్దం కింద ఆ వేడి తేలిగ్గా వచ్చేస్తుంది. ఇంకు మాత్రం కాగితం మీదే ఉంటుంది, అందుకే సున్నాకు పది, ఇరవై డిగ్రీల కిందికి చల్లబరిస్తే మళ్లీ కనిపిస్తుంది. మన ఛాంబరు చలి దానికి చాలదు, అది సున్నాకు పైనే కదా. తెలిసిన ఐస్‌క్రీమ్ షాపు వాళ్ల డీప్ ఫ్రీజర్‌లో పాలిథిన్ కవరు చుట్టి రాత్రంతా ఉంచితే అక్షరాలు తిరిగొచ్చాయి. కానీ నేను తప్పని చెరిపిన అంకెలు కూడా వచ్చాయి! పాతదాని మీద కొత్తది పడి, 43 ఏదో 48 ఏదో తెలియలేదు. రైతులను ఒక్కొక్కరినీ పిలిపించి, సరుకు దాచినప్పుడు మనం రాసిచ్చే రసీదులు, అదే బాండ్లతో సరిచూసుకున్నాం. ఆ బాండ్ చూపించే రైతు అప్పు తెచ్చుకుంటాడు అల్లుడూ, అంకె ఒకటి మారినా అతని ఏడాది కష్టం ఇరుకున పడుతుంది. ఆ పెన్ను లెక్కల దగ్గరికి రానివ్వకు.

టిక్కీ మీది చీటీలకు స్కెచ్ పెన్ను అసలు వాడకు. చల్లటి టిక్కీ బయటికి రాగానే గాలిలోని తేమ దాని మీద నీరుగా పడుతుంది, నీళ్లలో కరిగే రంగు ఆ కాస్త తడికే పాకిపోతుంది. కొన్ని జెల్ పెన్నులూ అంతే. పర్మనెంట్ మార్కర్ నీళ్లకు పోదు, అయితే పొడిగా ఉన్నప్పుడే రాయాలి, తడి మీద రాస్తే అది పట్టుకోదు. ఇంక మామూలు పెన్సిల్ ఉంది చూడు, దాన్ని ఎవరూ లెక్కచేయరు గానీ ఎండకీ చలికీ తడికీ అది మారదు. చీటీ వెనక వైపు లాటు నంబరు పెన్సిల్‌తో కూడా వేసిపెట్టు. బాండ్ల మీద మాత్రం పెన్సిల్ వద్దు, ఎవరైనా చెరపగలరు.

రిజిస్టర్‌కీ బాండ్లకీ బాల్ పెన్నే. దాని ఇంకు నూనె ముద్దలా ఉంటుంది, నీళ్లలో తేలిగ్గా కరగదు, గట్టిగా నొక్కితే కార్బన్ కాపీ కూడా బాగా పడుతుంది. ఛాంబరులో మాత్రం చలికి ఆ ఇంకు చిక్కబడి గీతలు తెగిపోతాయి. అప్పుడు రీఫిల్‌ను రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దు, అగ్గిపుల్ల వెలిగించి కాచే వాళ్లుంటారు, ఆ పని చేయకు, ప్లాస్టిక్ మెత్తబడి ఇంకు కారుతుంది. ఇంకు పోసుకునే పెన్ను నాకు ఎంతో ఇష్టం, కానీ ఛాంబరులోకి తీసుకెళ్లకు. చలిలోంచి బయటికి రాగానే ఆ వేడికి పెన్ను లోపలి గాలి వ్యాకోచించి ఇంకును జేబులోకి నెట్టేస్తుంది.

కాటా చీటీల సంగతి వేరు. ఆ నున్నటి కాగితం మీద ఇంకే ఉండదు, వేడి తగిలిన చోట కాగితమే నల్లబడుతుంది. కొన్ని నెలలకు వెలిసిపోతుంది, లామినేషన్ చేయిస్తే ఆ వేడికి చీటీ మొత్తం నల్లగా అయిపోతుంది. అందుకని వచ్చిన రోజే జిరాక్స్ తీయించు. జిరాక్స్ అక్షరాలు కాగితం మీద కరిగించి అంటించిన ప్లాస్టిక్ పొడి కాబట్టి నీళ్లకు చెక్కుచెదరవు, కానీ ప్లాస్టిక్ కవరులో పెట్టి ఎండలో వదిలేస్తే కవరుకు అంటుకుపోతాయి.

ఎప్పుడైనా వానకు రిజిస్టర్ తడిస్తే ఇస్త్రీ పెట్టె తేవద్దు, ఎండలో పెట్టవద్దు. పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి నీడలో ఫ్యాన్ కింద ఉంచు, కాగితాలు తడవగానే మారుస్తూ ఉండు. అంటుకున్న పేజీలను లాగకు. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది, ఆలోపు ఆరదనిపిస్తే కవరులో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టు, తీరికగా తర్వాత ఆరబెట్టుకోవచ్చు.

ఆదివారం ఒక పని చెయ్యి. అక్కడి దుకాణంలో దొరికే పెన్నులు నాలుగైదు కొని, ఒక్కొక్కదానితో మూడు కాగితం ముక్కల మీద నీ పేరు రాయి. ఆరాక ఒకటి నీళ్లలో వెయ్యి, ఒకటి ఇస్త్రీ పెట్టె కింద పెట్టు, ఒకటి ఫ్రీజర్‌లో ఉంచు. మూడింటికీ నిలిచిన పెన్నే ఒక డజను తెచ్చుకో, సోమవారం మొదటి లారీ దిగకముందే.

మీ మావయ్య