బొమ్మలకూ ఆఫీసుకూ ఒకే ల్యాప్‌టాప్ కావాలంటే ముందు పెన్ను సంగతి చూడండి

నెల్లూరు నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది: "పగలు ఆఫీసు పని, రాత్రి డిజిటల్ బొమ్మలు. రెండింటికీ సరిపోయేలా, తేలికగా ఉండి, స్క్రీను పూర్తిగా వెనక్కి మడిచే మంచి ల్యాప్‌టాప్ కొనాలనుకుంటున్నాను. లక్షన్నర వరకు పెట్టగలను. ఏ ప్రాసెసర్ ఉన్నది తీసుకోమంటారు?"

ప్రాసెసర్ సంగతి చివర ఒక్క ముక్కలో చెబుతాను. ఈ తరహా యంత్రాన్ని మనం రోజూ వాడతామా, ఏడాది తిరక్కుండా అటక ఎక్కిస్తామా అన్నది తేల్చేది ప్రాసెసర్ కాదు, దానితో వచ్చే పెన్ను. ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న విషయం కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతున్నాను.

నేను ఒంగోలులో ఉంటాను. చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగు ఫ్యాక్టరీలో డ్రాయింగుల పని చేస్తాను. పాలిష్ అయిన స్లాబును ఫొటో తీసి, ఆ ఫొటో మీదే పెన్నుతో గీతలు గీసి, ఇక్కడ సన్నని చీలిక ఉంది, ఇక్కడ బంగారు చుక్కలు పలచబడ్డాయి, వంటింటి గట్టుకు ఈ ముక్క తీసుకోవచ్చు అని గుర్తులు పెట్టి కొనేవారికి పంపడం నా పనిలో సగం. మిగతా సగం ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో కొలతల డ్రాయింగులు. రాత్రిళ్లు పిల్లల కథలకు బొమ్మలు వేస్తాను, వాటికి 'అను' అనే తెలుగు సాఫ్ట్‌వేర్ ఫాంట్లలో మాటలు కూర్చి ఇస్తాను. ఐప్యాడ్ కొనుక్కోమని హైదరాబాదులో ఉన్న మా బావ ఎన్నిసార్లు చెప్పినా నేను వినకపోవడానికి కారణం ఈ రెండు సాఫ్ట్‌వేర్లే. నాకు కావలసినది అసలైన విండోస్ కంప్యూటర్, దాని స్క్రీను మీద గీయగలగాలి. 2018లో లక్షా పది వేలు పెట్టి కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఆ రోజుల్లో ఇంచుమించు అందరి పెన్నులదీ అదే కథ.

2019 మే నెలలో ఒక మధ్యాహ్నం చెన్నై నుంచి ఒక ఎగుమతిదారు తన కొనుగోలుదారుడిని వెంటబెట్టుకుని మా స్టాకు యార్డుకు వచ్చాడు. నలభై రెండు స్లాబులు చూసుకుని సాయంత్రం రైలుకు వెళ్లిపోవాలన్నది వారి ఏర్పాటు. ప్రతి స్లాబు ముందు నిలబడి, వారు చెప్పిన గుర్తు చెప్పినట్టే స్క్రీను మీద గీసి, అక్కడికక్కడే సంతకం చేయించుకోవాలి. ఆరో స్లాబు దగ్గర పెన్ను గీయడం మానేసింది. మొదట నేను ఎండను తప్పుపట్టాను, తరువాత విండోస్‌ను, ఆ తరువాత అప్‌డేటును. చివరికి పెన్ను మూత తిప్పి చూస్తే లోపల చిటికెన వేలు కంటే సన్నని బ్యాటరీ ఒకటి ఉంది. దాని మీద ఇంగ్లీషులో నాలుగు ఏలు (AAAA) రాసి ఉన్నాయి. టీవీ రిమోటులో వేసేది ట్రిపుల్ ఏ అని అందరికీ తెలుసు. దాని వ్యాసం 10.5 మిల్లీమీటర్లు. నాది అంతకంటే సన్నం, 8.3 మిల్లీమీటర్లు. కొన్న రోజున ఈ సంగతి షాపువాడు చెప్పలేదు, నేను అడగలేదు.

అతిథులకు మజ్జిగ ఇప్పించి, బండి మీద ఇరవై కిలోమీటర్లు కర్నూలు రోడ్డు పట్టుకుని ఒంగోలు వచ్చాను. ట్రంకు రోడ్డులో మూడు షాపులు తిరిగాను. ఒకాయన నా చేతిలోని బ్యాటరీని చూసి, "మూడు ఏలే ఉంటాయండీ, ఇది డూప్లికేటు" అని తీర్పు చెప్పాడు. ఇంకొకాయన ట్రిపుల్ ఏ బ్యాటరీ తెచ్చి, పెన్నులో పట్టకపోతే "కొంచెం గట్టిగా నొక్కండి" అన్నాడు. లక్షా పది వేల యంత్రంతో వచ్చిన పెన్నును గట్టిగా నొక్కమన్న ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది. ఆన్‌లైనులో చూస్తే దొరుకుతోంది, కానీ వచ్చేది నాలుగు రోజుల తరువాత.

ఒంగోలులోనే అద్దంకి బస్టాండు దగ్గర పాత రేడియోలు, మైకులు బాగు చేసే ఒక పెద్దాయన ఉండేవారు. ఆశ వదులుకుని ఆయన దగ్గరకు వెళ్లాను. ఆయన బ్యాటరీని కళ్లజోడు పైకెత్తి చూసి, మాట్లాడకుండా సొరుగులోంచి మైకుల్లో వేసే తొమ్మిది ఓల్టుల చదరపు బ్యాటరీ తీసి, దాని రేకు డొక్కను స్క్రూడ్రైవరుతో విప్పారు. లోపల బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. "ఇది చవక రకం బాబూ, ఆల్కలైన్ దాంట్లో చూద్దాం" అని మరొకటి విప్పారు. అందులో నా చేతిలో ఉన్నటువంటి సన్నని గొట్టాలు ఆరు, ఒక్కొక్కటి ఒకటిన్నర ఓల్టులు, పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. మీటరు పెట్టి ఏ కొన ప్లస్సో, ఏ కొన మైనస్సో చూసి, ఒకదాన్ని పెన్నులో వేశారు. అది కాస్త పొట్టిగా ఉందని సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం మడిచి స్ప్రింగు దగ్గర పెట్టారు. పెన్ను గీసింది. రెండు బ్యాటరీల ధర మాత్రం తీసుకుని, మిగిలిన అయిదు గొట్టాలనూ ఒక్కొక్కదానికి విడిగా ప్లాస్టరు చుట్టి నా జేబులో వేశారు. ఇది ఎవరినీ ఇంట్లో ప్రయత్నించమని చెప్పడం లేదు. కొనలు తారుమారైతే పెన్ను పోతుంది, షార్టు అయితే చెయ్యి కాలుతుంది. నేను తిరిగి వచ్చేసరికి కొనుగోలుదారుడు సుద్దముక్కతో స్లాబుల మీదే గుర్తులు పెట్టుకుంటూ ఇరవయ్యో దాని దగ్గర ఉన్నాడు.

కాబట్టి మీరు షాపుకు వెళ్లగానే అడగవలసిన మొదటి ప్రశ్న, ఈ పెన్నుకు శక్తి ఎక్కడి నుంచి వస్తుంది అన్నది. మూడు రకాల జవాబులు వస్తాయి. విడి బ్యాటరీ అంటే లేచి రండి. ఛార్జింగు పెన్ను అంటే, అది ల్యాప్‌టాప్‌లోనే దూరి ఛార్జి అవుతుందా, వేరే వైరు కావాలా అని అడగండి. లెనోవో 2018లో తెచ్చిన యోగా సి930లో పెన్ను దాచుకునే కన్నం మడతబందు పక్కనే ఉండేది. 2021 నాటి మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ప్రో 8 నుంచి కీబోర్డు పైభాగంలోని గాడిలో పెన్ను పడుకుని ఛార్జి అవుతుంది. మూడో రకం అసలు బ్యాటరీయే లేనిది. స్క్రీను కింద ఉన్న తీగల వల నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రంతోనే పెన్ను పనిచేస్తుంది. ఇది వాకామ్ అనే పెన్నుల కంపెనీ పద్ధతి, శామ్‌సంగ్ ఎస్ పెన్ను ఈ కోవలోనిదే. నేను రెండోసారి కొన్నది శామ్‌సంగ్ వారి గెలాక్సీ బుక్2 ప్రో 360. మా దగ్గర తయారయ్యే రాయి పేరు కూడా బ్లాక్ గెలాక్సీయే కావడంతో, "సొంత సరుకే కొనుక్కున్నావేంటయ్యా" అని ఫ్యాక్టరీలో వారం రోజులు నవ్వారు.

ఒక కంపెనీ పెన్ను మరో కంపెనీ స్క్రీను మీద పనిచేస్తుందని అనుకోకండి. మైక్రోసాఫ్ట్ పద్ధతి వేరు, వాకామ్ పద్ధతులు వేరు, యూఎస్ఐ అని మరొకటి వేరు. పెన్ను పోతే రంగు చూసి కాదు, ఈ పద్ధతి పేరు చూసి కొనాలి. పెట్టె మీద 4096 ఒత్తిడి స్థాయిలు (మనం ఎంత గట్టిగా నొక్కామో పెన్ను గుర్తించే మెట్లు) అని గొప్పగా రాస్తారు. దాన్ని పట్టించుకోనవసరం లేదు, ఈ రోజుల్లో చాలా పెన్నులకు అవి ఉన్నాయి. దాని బదులు జేబులో చిన్న స్కేలు తీసుకువెళ్లి, స్క్రీను మీద ఆనించి, ఏటవాలుగా, బాగా నెమ్మదిగా ఒక గీత గీయండి. గీత వంకీలు తిరిగితే ఆ యంత్రం సంతకాలకు పనికొస్తుంది గానీ బొమ్మలకు పనికిరాదు. వేగంగా గీస్తే ఏ పెన్నయినా బాగానే గీస్తుంది, అందుకే షాపువాళ్లు చకచకా సున్నాలు చుట్టి చూపిస్తారు. అరచెయ్యి ఆనించి గీయడం కూడా మరవకండి. చెయ్యి ఆనినచోట మచ్చలు పడితే రాత్రి పది తరువాత మీ ఓపిక ఎంతసేపు నిలుస్తుందో ఆలోచించుకోండి.

తేలిక అన్న మాట గురించి కూడా కొంత చెప్పాలి. 2012లో విండోస్ 8తో పాటు లెనోవో యోగా వచ్చినప్పటి నుంచి, స్క్రీనును వెనక్కి తిప్పి చేత్తో పట్టుకుని నవ్వుతున్న మనుషుల ఫొటోలు చూస్తూనే ఉన్నాం. నా మొదటి యంత్రం 1.3 కిలోలు. సంచిలో అది తేలికే. కానీ కిలో బియ్యం పొట్లం మీద ఇంకో మూడు వందల గ్రాములు పెట్టి, ఎడమ మోచేతి మీద పావుగంట నిలబెట్టుకుని, కుడిచేత్తో ముగ్గు వేయగలరేమో ఒకసారి చూడండి. నిలబడి గీసే పని మీకు ఉంటే 13 అంగుళాలు దాటకండి. నా ఇప్పటిది 1.04 కిలోలు, అదీ అరగంట తరువాత చెయ్యి లాగుతుంది. టేబులు మీద కూర్చుని గీసేవారైతే 14 అంగుళాలు, 16:10 నిష్పత్తి స్క్రీను హాయి. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, పూర్తిగా మడిచినప్పుడు కీబోర్డు కిందకు వెళ్లి బల్లకు ఆనుతుంది. మా ఫ్యాక్టరీలో బల్ల అంటే రాతిపొడి. అందుకని నేను కింద ఒక పాత తువ్వాలు పరుస్తాను. ఈ సంగతి ఏసీ గదిలో కూర్చుని సమీక్షలు చేసే యూట్యూబు పిల్లలకు తట్టదు.

స్క్రీను నిగనిగలాడే రకమైతే మన ఎండలో అది అద్దమే. పాలిష్ పట్టిన గెలాక్సీ స్లాబులోనూ, నా స్క్రీనులోనూ ఒకే ముఖం కనిపించేది. ఇలా వెనక్కి మడిచే (కన్వర్టిబుల్) ల్యాప్‌టాప్‌ల స్క్రీనులు దాదాపు అన్నీ గాజువే కాబట్టి, కాగితంలా గరుకుగా ఉండే ఫిల్ము ఒకటి వేయించుకోండి. వెలుగు చెదురుతుంది, పాళీ జారదు. పాళీ త్వరగా అరుగుతుంది, రంగులు కాస్త మసకబారతాయి; ఆ నష్టం భరించదగినదే. ర్యామ్ మాత్రం 16 జీబీకి తగ్గకండి. సన్నని యంత్రాల్లో చాలావాటికి అది బోర్డుకే సోల్డరు చేసి ఉంటుంది, తరువాత పెంచుకోవడం కుదరదు. 8 జీబీ మోడలుకు ధర తగ్గిస్తామని ఊరిస్తారు, లొంగకండి.

ప్రాసెసర్ మాట: ఈ ధరలో ఈ ఏడాది, నిరుడు వచ్చినది ఏదైనా మీ పనికి చాలు.

మీరు నెల్లూరులో ఉన్నారు కాబట్టి చెన్నై మీకు నాకంటే దగ్గర. పెద్ద షోరూముల్లో డెమో యంత్రం ఉంటుంది గానీ పెన్ను లోపల బీరువాలో దాచి ఉంచుతారు, తెమ్మని పట్టుబట్టండి. సర్వీసు సెంటరు నెల్లూరులో ఉందా, లేక పెట్టెలో పెట్టి పంపి రెండు వారాలు ఎదురుచూడాలా అన్నది బిల్లు కట్టకముందే అడగండి. నా పాత దాని మడతబందు వదులైనప్పుడు పంతొమ్మిది రోజులు పట్టింది, ఆ పంతొమ్మిది రోజులూ నేను సుద్దముక్కతోనే పనిచేశాను.

పెద్దాయన ఇచ్చిన అయిదు గొట్టాల్లో నాలుగింటితో ఆ పాత పెన్నును 2022 దాకా లాగించాను. అయిదోది ప్లాస్టరు చుట్టి నా సొరుగులో ఇంకా ఉంది. ఈ సంగతి చెబుదామని ఒకసారి వెళితే ఆ కొట్టు స్థానంలో సెల్‌ఫోన్ కవర్ల షాపు ఉంది. అక్కడ కూడా అడిగాను, నాలుగు ఏల బ్యాటరీ లేదన్నారు.