విదేశానికి వెళ్లేముందు ల్యాప్‌టాప్: ఛార్జర్ మీది చిన్న అక్షరాలు చదవండి

విదేశానికి వెళ్లేముందు ఏ ల్యాప్‌టాప్ కొనాలో తేల్చుకోలేకపోతున్నానని అడిగారు. ప్రాసెసర్ల (ల్యాప్‌టాప్‌ను నడిపే ప్రధాన చిప్‌ల) పేర్లు పోల్చుకుంటూ కూర్చోవడం వల్లే మీరు తేల్చుకోలేకపోతున్నారు. బ్రౌజింగ్, మెయిల్, ఇంటివాళ్లతో వీడియో కాల్స్ వరకే అన్నారు కాబట్టి ఈ మధ్య వచ్చిన ఏ ప్రాసెసరైనా సరిపోతుంది.

1. ర్యామ్, అంటే పని జరుగుతున్నప్పుడు వాడే తాత్కాలిక మెమరీ, 8 జీబీకి తగ్గవద్దు. ఒకేసారి చాలా ట్యాబులు తెరిచే అలవాటుంటే 16 తీసుకోండి. ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డి 256 జీబీ చాలు.

2. చాలామంది వదిలేసేది ఇదే. ఛార్జర్‌ను తిప్పి, దాని మీది సన్నటి అక్షరాలు చదవండి. ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉండాలి. అలా ఉంటే జపాన్‌లోని 100 వోల్టులకూ, అమెరికాలోని 120కీ, ఐరోపాలోని 230కీ అదే ఛార్జర్ పనిచేస్తుంది. మారేది ప్లగ్ ఆకారమే. బరువైన వోల్టేజీ కన్వర్టర్ కొనకండి, దయచేసి. ప్లగ్ ఆకారాన్ని మార్చే చిన్న అడాప్టర్ చాలు. అయితే అడాప్టర్ వోల్టేజీని మార్చదు, అందుకే ముందు ఆ అక్షరాలు చూడమంటున్నాను. గోడకు పెట్టే తీగ విడిగా ఊడివచ్చే రకమైతే, అక్కడికి వెళ్లాక ఆ తీగ ఒక్కటి కొనుక్కోవచ్చు.

యూఎస్‌బి-సి (ఈ మధ్య ఫోన్లకు ఉండే చిన్న కోలపాటి పోర్టు) ద్వారా ఛార్జ్ అయ్యే ల్యాప్‌టాప్ దొరికితే నా ఓటు దానికే. ఛార్జర్ పాడైనా తగిన వాటేజీది (సరిపడా శక్తినిచ్చేది) చాలా ఊళ్లలో దొరుకుతుంది.

3. మీరు వెళ్లే దేశంలో వారంటీ చెల్లుతుందా? కొనేముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

4. చెల్లకపోతే అక్కడే కొనడం మేలు. కానీ కీబోర్డు చూసుకోండి: జర్మనీలో వై, జెడ్ తారుమారుగా ఉంటాయి, ఫ్రాన్స్‌లో క్యూ ఉండాల్సిన చోట ఏ ఉంటుంది.

5. విమానంలో ల్యాప్‌టాప్‌ను చేతి సంచిలోనే పెట్టుకోండి.