కోచింగ్ లేకుండా హైస్కూలు పిల్లలు రాష్ట్రస్థాయి లెక్కల పోటీలో గెలవగలరా?

గెలవగలరు. గెలిచారు కూడా. నేను విశాఖలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా బడి నుంచి ముగ్గురు పిల్లలు విజయవాడ వెళ్ళి టీమ్ రౌండ్‌లో ఫస్ట్ ప్రైజ్ పట్టుకొచ్చారు. మీ ప్రశ్న కిందే "మావాడు ఎనిమిదో తరగతి, ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ ఫౌండేషన్ కోర్సులో వేయమంటారా" అని కూడా అడిగారు కదా, దానికీ చెప్తాను గానీ ముందు ఆ రోజు ఏం జరిగిందో వినండి.

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాం. టికెట్లకి స్టాఫ్‌రూమ్‌లో చందా వేసుకున్నాం. కబడ్డీ జట్టు జిల్లా దాటి వెళ్తే దారి ఖర్చులకి ఏదో ఒక పద్దు దొరుకుతుంది, లెక్కల జట్టుకి మాత్రం ఏ పద్దూ ఉండదు. అడిగితే "లెక్కల్లో జట్టేంటి సార్" అన్నారు. సరే వదిలేయండి.

టీమ్ రౌండ్‌లో ఇచ్చిన లెక్క ఇది. బోర్డు మీద 1 నుంచి 50 వరకు సంఖ్యలు రాసి ఉన్నాయి. ఏవైనా రెండు చెరిపేసి వాటి తేడా రాయాలి. అలా చేస్తూ పోతే చివరికి ఒక్కటే మిగులుతుంది. అది సున్నా కావచ్చా?

మా పక్క టేబుల్ వాళ్ళు పేరున్న కార్పొరేట్ స్కూలు పిల్లలు, టై, బ్యాడ్జీ అన్నీ ఉన్నాయి. వాళ్ళు చకచకా 50లోంచి 49, 48లోంచి 47 తీసేసుకుంటూ వెళ్ళారు. ఇరవై అయిదు ఒకట్లు వచ్చాయి, వాటిని మళ్ళీ జతలు కలిపితే చివరికి 1 మిగిలింది. "సున్నా రాదు సార్" అని చెయ్యెత్తేశారు. జడ్జి ఒక్కటే అడిగారు, "ఇంకో వరసలో చెరిపితే రాదని గ్యారంటీ ఏంటి?" అని. ఆ ప్రశ్నకి వాళ్ళ మెటీరియల్‌లో జవాబు లేదు.

మావాళ్ళు అసలు 50 జోలికే వెళ్ళలేదు. మా జట్టులోని అమ్మాయి 1, 2, 3 మాత్రమే రాసి చూసింది, సున్నా వచ్చింది. 4 వరకు రాసినా వచ్చింది. 5 వరకు రాస్తే ఎలా తిప్పినా రాలేదు, 6కీ రాలేదు, 7కీ 8కీ మళ్ళీ వచ్చింది. ఇక జవాబు తేలిపోయిందని ఒకడు లేవబోతే రెండోవాడు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు, "ఎందుకు అలా వస్తందో చెప్పు ముందు" అని. వెనక కుర్చీలో నాకు టెన్షన్, టైమ్ అయిపోతోంది, వీళ్ళేమో మా వరండాలో కూర్చున్నట్టే తగువులాడుకుంటున్నారు. అప్పుడు ఆ పిల్ల 7, 3 రాసి కొట్టేసింది, 4 వేసింది. మొత్తం పది ఉండేది నాలుగయింది, అంటే ఆరు తగ్గింది. ఆరంటే చిన్నదానికి రెట్టింపు. ఇంకో జత తీసుకుంది, మళ్ళీ చిన్నదానికి రెట్టింపే తగ్గింది. అంతే, ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

బోర్డు దగ్గరికి పిలిస్తే వెళ్ళి చెప్పింది. "ఒకటి నించి యాభై దాకా కూడితే 1275 అండి, బేసి. మనం ఏటి చేసినా సరి సంఖ్యే తగ్గుతాది. బేసి బేసిగానే ఉండిపోద్ది. సున్నా సరి కదండి, ఇంకెలా వస్తాది?" హాల్లో కొందరు నవ్వారు, లెక్కకి కాదు, 'ఏటి' అన్నందుకు. మా ఉత్తరాంధ్ర యాస వింటే అటువైపు వాళ్ళకి అదేం సరదానో నాకిప్పటికీ అర్థం కాదు. జడ్జి మాత్రం నవ్వలేదు, చాక్‌పీస్ ఇచ్చి అదంతా రాయమన్నారు.

వీళ్ళని నేను తయారు చేసింది ఏమీ లేదు. శనివారం బడి వదిలాక ఒక్క లెక్క ఇచ్చేవాణ్ణి, వారమంతా దాన్నే నమిలేవాళ్ళు. జవాబు చెప్పమని బతిమాలినా చెప్పేవాణ్ణి కాదు. అంతకంటే ఎక్కువ చేద్దామన్నా మాకు ఖాళీ ఏదీ, అప్పట్లో పొద్దున్నే మధ్యాహ్న భోజనం ఫొటోలు, మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించడంతోనే సగం ఓపిక అయిపోయేది.

కోచింగ్ మీద నా కోపం ఒక్కటే. వాళ్ళు నేర్పేది వేగం. ఎంసెట్‌లో, అదే ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, మూడు గంటల్లో 160 ప్రశ్నలు. నిమిషం దాటి ఆలోచిస్తే వెనకబడినట్టే. అంతర్జాతీయ లెక్కల ఒలింపియాడ్‌లో రోజుకి నాలుగున్నర గంటలు ఇచ్చి అడిగేది మూడే లెక్కలు. లెక్కకి గంటన్నర! ఆరో తరగతి నుంచి నిమిషానికో బిట్టు కొట్టించిన పిల్లాడు గంటన్నర ఒకే కాగితం ముందు ఎలా కూర్చుంటాడు? ఆ ఫ్లెక్సీల మీద ఫొటోలు చూసి మోసపోకండి. ఫీజు కట్టినవాళ్ళందరికీ మెడల్ వేసే టాలెంట్ టెస్టులు ఇంకో దందా. మా పక్కింటి పాపకి అలాంటి మెడల్స్ గోడ నిండా ఉన్నాయి, మూడో వంతు పెద్దదా, పావు పెద్దదా అంటే తడుముకుంటుంది.

ఇక మీవాడి సంగతి. ఎనిమిదో తరగతి అంటున్నారు కాబట్టి ఐఓక్యూఎమ్ పరీక్ష‌కి కూర్చోవచ్చు, దేశంలో ఒలింపియాడ్ దారికి అదే మొదటి మెట్టు. మూడు గంటలు, 30 ప్రశ్నలు, జవాబులన్నీ రెండంకెలు దాటని పూర్ణసంఖ్యలే, ఆప్షన్లు ఉండవు కాబట్టి ఊహించి టిక్కు పెట్టడం కుదరదు. పాత పేపర్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ఒక్క లెక్క తీసి ఇవ్వండి, ఇంకో ఇద్దరు పిల్లల్ని ఇంటికి పిలవండి, తగువులాడుకుంటే మధ్యలో దూరకండి. జవాబుల కాగితం మీ దగ్గర దాచుకోండి. ఇలా నలుగురిలో అడిగారు కాబట్టి రేపటి నుంచి కోచింగ్ సెంటర్ల వాళ్ళు ఫోన్లు మొదలుపెడతారు, ఎత్తకండి.