ముందు ఏ మంచం దగ్గరికి వెళ్తావు?

ప్రశ్న: మాది రాజోలు. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి మూడేళ్లుగా అమలాపురంలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మావారు అమెరికాలో ఉంటారు. అక్కడి స్టేట్ బోర్డు నన్ను ప్రాక్టికల్ నర్సు లైసెన్సు పరీక్షకు, అంటే ఎన్‌క్లెక్స్ పీఎన్‌కు అనుమతించింది. రోజూ వంద ప్రశ్నలు చేస్తున్నా సగమే కరెక్ట్ అవుతున్నాయి. ‘ముందు ఏ పేషెంటును చూడాలి’ లాంటివే ఎక్కువగా తప్పుతున్నాయి. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లిషే కారణమా? నాకు సాధ్యమవుతుందా?

జవాబు: అవుతుందమ్మా. ఇంగ్లిష్ కొంత ఇబ్బంది పెడుతుంది గానీ, అసలు చిక్కు వేరే ఉంది. నీ వార్డులోనే పెట్టి చూద్దాం.

నైట్ డ్యూటీలో ఉన్నావు. నిన్న ఆపరేషన్ అయిన ఆవిడ నొప్పికి ఏడుస్తోంది. ఒక పెద్దాయనకు షుగర్ 190. పిల్లాడికి 100 డిగ్రీల జ్వరం. కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడి కాలికి సిమెంటు కట్టు వేయించుకున్న కుర్రాడు, ఇంజెక్షన్ ఇచ్చినా నొప్పి తగ్గలేదనీ వేళ్లు తిమ్మిరెక్కాయనీ అంటున్నాడు. ఏడుపు వినపడే వైపే మన కాళ్లు లాగుతాయి. కానీ ముందు వెళ్లాల్సింది ఆ కుర్రాడి దగ్గరికే. కట్టు లోపల వాపు పెరిగి రక్తం ఆడకపోతే కొన్ని గంటల్లోనే కండ దెబ్బతింటుంది.

వెళ్లాక ఏం చేస్తావు? వేళ్లు చల్లబడ్డాయా, రంగు మారిందా, కదుపుతున్నాడా చూసి వెంటనే ఆర్‌ఎన్‌కు, అంటే నీ పైనుండే రిజిస్టర్డ్ నర్సుకు చెప్పాలి. మన అమ్మాయిలు మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. మన దగ్గర డాక్టరుగారు వచ్చేదాకా అన్నీ స్టాఫ్ నర్సే చూసుకుంటుంది. అక్కడ ప్రాక్టికల్ నర్సు ఆర్‌ఎన్ కిందో డాక్టరు కిందో పనిచేస్తుంది. కొత్తగా చేరిన పేషెంటుకు మొదటి అసెస్‌మెంట్, కేర్ ప్లాన్ తయారీ, మొదటిసారి జాగ్రత్తలు చెప్పడం సాధారణంగా ఆర్‌ఎన్ పనులు. గమనించడం, తెలియజేయడం, ఆర్‌ఎన్ చెప్పినదాన్ని పేషెంటుకు మళ్లీ గుర్తుచేయడం నీ పనులు. ఈ హద్దు పట్టుబడితే చాలా ప్రశ్నలు తేలికవుతాయి. పరీక్షలో అన్నిటికంటే పెద్ద వాటా, 18 నుంచి 24 శాతం, ఇలా ఎవరి పని ఏదో తెలిసి నడుచుకునే సమన్వయ భాగానిదే (కోఆర్డినేటెడ్ కేర్).

అందుకే రోజుకు వంద మానేసి నలభై చెయ్. తప్పిన ప్రతిదానికీ నేనెందుకు అది పెట్టాను, సరైనది ఎందుకు సరైనది అని నోట్‌బుక్‌లో రెండు వాక్యాలు రాయి. తెలుగులో రాసినా ఫర్వాలేదు, ఆలోచన తేటపడాలి.

ఇంగ్లిష్ కంటే మందుల పేర్ల దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. మన పారాసిటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్. సాల్బుటమాల్‌ను అల్బుటెరాల్ అంటారు, అడ్రినలిన్‌ను ఎపినెఫ్రిన్, పెథిడిన్‌ను మెపెరిడిన్. రోజూ చేత్తో ఇచ్చే మందే పేరు మారేసరికి కొత్తదనిపిస్తుంది.

పరీక్ష 5 గంటలు. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠంగా 150. ఒకసారి జవాబిచ్చాక వెనక్కి వెళ్లలేవు. 2023 ఏప్రిల్ నుంచి ఒక్కో పేషెంటు కథ మీద వరసగా ఆరేసి ప్రశ్నలు కూడా వస్తున్నాయి. 85 దగ్గర స్క్రీన్ ఆగిపోతే కంగారుపడకు. నిర్ణయానికి కంప్యూటర్‌కు అవి సరిపోయాయనే అర్థం, పాసైనవాళ్లకూ ఆగుతుంది.

హైదరాబాద్‌లో సెంటర్ ఉంది. రాత్రి రాజమండ్రిలో గౌతమి ఎక్కి, పొద్దున దిగి అటే పరీక్షకు వెళ్లకు. ఒక రోజు ముందే చేరి నిద్రపో.

ఇంకో మాట. నాకు తెలిసిన ఒకమ్మాయి పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చి కొత్త పాస్‌పోర్టు తీసుకుంది, పరీక్ష అనుమతి పత్రం మీద పుట్టింటి పేరే ఉండిపోయింది. సెంటర్ గుమ్మం దాకా వెళ్లి ఏడుస్తూ తిరిగొచ్చింది. నీకూ పెళ్లయింది కాబట్టి, ఈ రాత్రే పాస్‌పోర్టు, ఆ పత్రం పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకో.