కొరత ఉందన్నారు సరే, ఎవరి కొరత?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది మడికొండ. మెకానికల్ డిప్లొమా చేసి హనుమకొండలో ఒక బైక్ షోరూం సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తున్నా. జీతం 19 వేలు, ఇంటి నుంచే వెళ్లొస్తా. డేటా సైన్స్, ఏఐలో మనుషుల కొరత ఉందట. ఆర్నెల్ల కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అంటున్నారు. ఫీజు లక్షన్నర. దాచుకున్నది 75 వేలుంది. లక్ష చిట్టీ ఇప్పుడు పాడితే 25 వేలు పోయి ఇంకో 75 వేలొస్తాయి. ఉద్యోగం మానేసి చేరమంటారా?

జవాబు: మానేయొద్దు. ఇప్పుడైతే అస్సలు వద్దు.

ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. లక్షన్నరకు తోడు చిట్టీలో వదులుకునే 25 వేలు, ఆర్నెల్ల జీతం 1,14,000, హాస్టల్‌కు నెలకు 8 వేలనుకుంటే 48 వేలు. మొత్తం 3,37,000. పైగా చిట్టీ ఎత్తాక మిగిలిన వాయిదాలు జీతం లేకుండా ఎలా కడతారు? వాయిదాలు రెండు నెలలు ఆగితే జామీను సంతకం పెట్టినాయన ఇంటికి ఫోన్లు మొదలవుతాయి.

కోర్సయ్యాక హైదరాబాద్‌లో 25 వేల ఉద్యోగం వచ్చిందే అనుకుందాం. హాస్టల్ పోను చేతికి 17 వేలు, అంటే ఇప్పటికంటే తక్కువ. 35 వేలొస్తే నెలకు 8 వేలు మిగులు. అలా పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి మూడున్నరేళ్లు పడుతుంది.

ఇక కొరత సంగతి. చాలాచోట్ల కంపెనీలకు దొరకనిది మూడు నాలుగేళ్లు పనిచేసినవాళ్లు. ఆర్నెల్ల సర్టిఫికెట్‌తో వచ్చే ఫ్రెషర్లు మాత్రం క్యూలో ఉంటారు. 'కొరత' అని పేపర్లో పడేదీ, మీకు సీటు అమ్మేవాళ్లు చూపించేదీ ఒకే మాట, కానీ లోపలి మనుషులు వేరు. ఇంకోటి, ఒకే ప్రకటన నెలనెలా కనిపిస్తోందంటే అక్కడ మనుషులు దొరకడం లేదనే కాదు, చేరినవాళ్లు నిలవడం లేదని కూడా కావచ్చు.

కాబట్టి ఒక నెల ఈ పని చేయండి. జాబ్ సైట్లలో మీకు సరిపోయే 30 ప్రకటనలు తీసి నోట్‌బుక్‌లో రాసుకోండి: ఎన్నేళ్ల అనుభవం, ఏ పని, ఎంత జీతం, ఏ ఊరు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లను పోయిన బ్యాచ్‌లో ఐదుగురి నంబర్లు అడగండి. ఇవ్వడానికి నసిగితే మీకు జవాబు దొరికినట్టే. గ్యారంటీ అంటే ఏమిటో, ఉద్యోగం రాకపోతే ఫీజు వాపసిస్తారో లేదో కాగితం మీద రాసిమ్మనండి. మీ ఊళ్లోనే ఐటీ పార్క్ ఉంది. 2020లో సైయంట్, టెక్ మహీంద్రా అక్కడ ఆఫీసులు తెరిచాయి. అందులో పనిచేసే తెలిసినవాళ్లను ఒక సాయంత్రం చాయ్‌కి పిలిచి అడిగితే ఏ బ్రోషర్లోనూ లేని విషయాలు తెలుస్తాయి.

నా ఉద్దేశంలో మీ డిప్లొమాను పక్కన పడేయడం కంటే దానికి ఇంకో పనితనం కలపడం చవక. గీసుకొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో మిషన్లు ఆగకుండా చూసే మెయింటెనెన్స్ పనివాళ్లు కావాలి. పీఎల్‌సీ (మిషన్‌ను నడిపే చిన్న కంప్యూటర్), సెన్సర్లు, మోటార్ వేగం అదుపు చేసే డ్రైవ్‌లు తెలిసిన మెకానికల్ మనిషికీ, పానాలు మాత్రమే తెలిసినవాడికీ జీతంలో తేడా ఉంటుంది. బైకుల్లోనూ ఈవీలు, అంటే కరెంటు బళ్లు వస్తున్నాయి, అది మీ చేతిలో ఉన్న పనే. రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టింది. వరంగల్ చుట్టుపక్కల ఏ షార్ట్ టర్మ్ కోర్సులు నడుస్తున్నాయో, డిప్లొమా వాళ్లను తీసుకుంటారో స్వయంగా వెళ్లి కనుక్కోండి. ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. డేటా మీద నిజంగా మనసుంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష అక్కడే మొదలుపెట్టండి. మూడు నెలలు రాత్రి పూట గంట కూర్చోగలిగితే అది మీకు పడుతుందో లేదో తేలిపోతుంది.

కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జులైలో ప్రధాని శంకుస్థాపన చేశారని ఇప్పటినుంచే దాన్ని లెక్కలో వేసుకోకండి. రైల్వే పర్మనెంట్ ఉద్యోగాలు రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు (ఆర్‌ఆర్‌బీ) పరీక్షలతో వస్తాయి, పక్క ఊరివాళ్లమని కాదు. ఇలాంటి వార్తలతో ముందు బాగుపడేది ప్లాట్ల బ్రోకర్లే.

చిట్టీ ఇప్పుడు పాడకండి, చివరి నెలల దాకా నడవనివ్వండి, తగ్గింపు తక్కువ పోతుంది. దాచుకున్న 75 వేలు నాలుగు నెలల జీతం, బ్యాంకులోనే ఉండాలి. ఈ ఏడాది చదువుకు 10 వేలు దాటనివ్వకండి. మీ నోట్‌బుక్‌లోని 30 ప్రకటనల్లో కనీసం పది అనుభవం లేనివాళ్లను 35 వేలకు పైన తీసుకుంటున్నట్టు తేలితే ఆ వివరాలతో మళ్లీ రాయండి, ఫీజు ఎలా సర్దాలో అప్పుడు చూద్దాం.