చూపు బాగానే ఉన్న మనిషి తెలిసిన ముఖాన్ని ఎందుకు గుర్తుపట్టలేడు?

మీ బావగారు పెళ్లిలో ఎదురుపడి కూడా మిమ్మల్ని పలకరించలేదని, కంటి పరీక్షలో ఏ లోపమూ లేదు గనుక అది పొగరే అయి ఉంటుందా అని మీరు అడిగారు. పొగరు కాకపోవచ్చు. నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన ముఖాలను గుర్తుపట్టలేని ఇబ్బంది ఉంది. వైద్యులు దీనిని ప్రోసోపగ్నోసియా అంటారు.

చూడడం వేరు, ఆనవాలు పట్టడం వేరు. కంటి లోపలి వెనుక పొర అయిన రెటీనా నుంచి బయలుదేరిన సంకేతాలు మెదడు నడుమన ఉన్న థాలమస్ మీదుగా తల వెనుక భాగంలోని మెదడు పొరకు చేరుతాయి. అక్కడి కణాలలో చాలావాటికి ఒక్కొక్కదానికి ఒక్కో వాలు ఉన్న గీత మీదే ఆసక్తి అని హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లుల మీద చేసిన ప్రయోగాలలో తేలింది. వారికి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎదుట ఉన్నది ఏమిటో తేల్చే పని ఆ తరువాత, కణతల అడుగున సాగే దారిలో జరుగుతుంది. ఆ దారిలో ఫ్యూజిఫార్మ్ అనే మడతలో, ముఖ్యంగా కుడివైపున, ఇతర వస్తువుల కంటే ముఖాలకు ఎక్కువగా స్పందించే చోటు ఒకటి ఉందని మెదడు శాస్త్రవేత్త నాన్సీ కాన్విషర్ బృందం 1997లో ఎమ్మారై స్కానింగులతో చూపింది.

ముఖాలను గుర్తించే పని మెదడులో వేరుగా సాగుతుందనడానికి, అదే ఏడాది మోరిస్ మోస్కోవిచ్ అనే మరో శాస్త్రవేత్త బృందం వివరించిన సి.కె. అనే రోగి కథ నాకు ఇంకా గట్టి ఆధారంగా తోస్తుంది. తలకు గాయమైన తరువాత ఆయన మామూలు వస్తువులను కూడా గుర్తించలేకపోయాడు గాని, ముఖాలను మాత్రం చక్కగా పోల్చుకునేవాడు. కూరగాయలను పేర్చినట్టు గీసిన ముఖచిత్రాలు చూపితే ఆయనకు ముఖమే తోచింది, కూరగాయలు తోచలేదు. నా సంగతి సరిగ్గా తలకిందులు.

కళ్లు, ముక్కు, నోరు నాకు స్పష్టంగానే కనిపిస్తాయి, ఎదుటివారి కోపమూ నవ్వూ తెలుస్తాయి, కాని అవన్నీ కలిసి ఫలానా మనిషి అన్న ఎరుకను ఇవ్వవు. అందుకే జుట్టు, కళ్లజోడు, నడక, గొంతు పట్టుకుని నెట్టుకొస్తాను. పక్క సీటులో పనిచేసే ఆయన తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చిన రోజున, నోరు విప్పేవరకు నాకు కొత్త మనిషే. అందరూ ఒకే తీరున అలంకరించుకునే పెళ్లిళ్లు నాకు ఇంకా కష్టం.

పుట్టుకతో వచ్చిన ఈ లోపం కళ్లజోడు మార్చినంత మాత్రాన పోదు. మీరే ముందుగా పేరు చెప్పి పలకరిస్తే ఆయనకు ఎంతో తేలిక. అయితే ఇది ఎప్పటి నుంచి ఉందో మాత్రం అడగండి: ఈమధ్యనే హఠాత్తుగా మొదలై ఉంటే అది మెదడుకు రక్తప్రసరణ ఆగిన సూచన కావచ్చు గనుక, ఆలస్యం చేయకుండా నరాల వైద్యులకు చూపించాలి.